గొంతుతో కంప్యూటర్ నడిపేవాళ్లకి: ఎక్కడ ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది, ఏం చేయాలి

కొబ్బరి చెట్టు మీంచి పడి మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నాక నా మాట వినేవి తల, భుజాలు, కాస్త మోచేతులు. వేళ్లు కదలవు. ఫోన్, కంప్యూటర్ రెండూ గొంతుతోనే. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు పల్లెటూరు, బాగు చేసేవాళ్లెవరూ దగ్గర్లో లేరు, అందుకే ఏది ఆగినా కారణం నేనే వెతుక్కున్నాను. నాకు ఒకటే కొలత: వంటగదిలో ఉన్న అమ్మని పిలవకుండా మళ్లీ మొదలుపెట్టగలిగానా లేదా.

కరెంటు పోయి వచ్చింది, కంప్యూటర్ పలకడం లేదు

అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించింది ఇదే. రోజూ "ఏటిరా, మళ్లీ ఆగిపోనాదా?" అంటూ అమ్మ పిండి చేతులతో వచ్చి బటన్ నొక్కేది. ఇక్కడ కారణాలు రెండు. డెస్క్‌టాప్ అయితే కరెంటు వచ్చినా దానంతటది ఆన్ అవ్వదు. బయోస్ సెట్టింగుల్లో (ఆన్ చేయగానే, విండోస్ కన్నా ముందు తెరుచుకునేవి), కరెంటు పోయి వస్తే ఏం చేయాలి అనే ఆప్షన్ ఒకటి ఉంటుంది (పేరు ఒక్కో బోర్డులో ఒక్కోలా ఉంటుంది), దాన్ని ఆన్‌లో పెట్టించండి, ఎవరైనా ఒక్కసారి చేస్తే చాలు. రెండోది, ఆన్ అయినా వాయిస్ యాక్సెస్ (మన మాట విని కంప్యూటర్‌ని నడిపే విండోస్ సదుపాయం) మొదలవ్వదు. విండోస్ 11లో సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, స్పీచ్‌లోకి వెళ్తే సైన్ ఇన్ కాకముందే మొదలయ్యేలా పెట్టే టిక్కు ఉంది. అది పెట్టుకుంటే పిన్ కూడా తెర మీద కీబోర్డు తెప్పించుకుని చెప్పొచ్చు. నా పిన్ ఇప్పుడు వీధిలో అందరికీ తెలుసు, అది వేరే సంగతి.

ఇంకో గొయ్యి ఉంది, నేను మూడుసార్లు పడ్డాను. ఎవరైనా వచ్చి మాట్లాడుతుంటే వినడం ఆపమని "టర్న్ ఆఫ్ మైక్రోఫోన్" అంటాం. అంటే మైక్ పూర్తిగా ఆగిపోతుంది, తర్వాత ఎంత అరిచినా వినదు, మౌస్‌తోనో కీబోర్డుతోనో ఆన్ చేయాలి. అలా అనకండి. "వాయిస్ యాక్సెస్ స్లీప్" అనండి. పడుకుంటుంది కానీ "వాయిస్ యాక్సెస్ వేకప్" అంటే లేస్తుంది. పొరపాటున ఆపేస్తే పక్కనున్నవాళ్లు ఆల్ట్, షిఫ్ట్, సీ మూడూ కలిపి నొక్కాలి. ఈ మూడు మీటల మీదా ఎర్ర స్టిక్కర్లు అంటించాం, చదువు రాకపోయినా నొక్కేయొచ్చు.

సగం మాటలు మింగేస్తోంది

ముందు ఫ్యాన్ వైపు చూడండి. మామూలు వాళ్లకైతే "ఫ్యాన్ ఆపు" అని చెప్తారు, మనకి ఆ సలహా పనికిరాదు. మెడ దెబ్బ తగిలిన చాలామందికి దెబ్బ కింద ఒంటికి చెమట సరిగా పట్టదు, వేడి దిగదు, మే నెలలో ఫ్యాన్ ఆపితే ప్రాణం మీదకి వస్తుంది. ఆపాల్సింది ఫ్యాన్ కాదు, మైక్ మీద పడే గాలి. టేబుల్ ఫ్యాన్ తెచ్చి గాలి ఛాతీ మీదకి, కాళ్ల మీదకి తిప్పండి, సీలింగ్ ఫ్యాన్ తగ్గించండి. మైక్‌కి స్పాంజి టోపీ తొడగండి. నోటికి ఎదురుగా కాకుండా పెదవి మూల పక్కన, రెండు వేళ్ల దూరంలో ఉండాలి. ఎదురుగా పెడితే ఊపిరి చప్పుడుని కూడా అక్షరాలు చేస్తుంది. బ్లూటూత్ హెడ్‌సెట్ చూడ్డానికి బాగుంటుంది గానీ ఛార్జింగ్ అయిపోయినప్పుడు మార్చే చెయ్యి మనది కాదు. వైరున్న యూఎస్‌బీ హెడ్‌సెట్ నయం.

గుళ్లో పండగ మైకు పెడితే మాత్రం ఏ మందూ లేదు. ఆ రెండు రోజులూ నేను రాయను.

పొద్దున్న బాగా వింది, మధ్యాహ్నానికి అన్నీ తప్పులే

ఇది సాఫ్ట్‌వేర్ తప్పనుకుని నేను రెండుసార్లు తీసి మళ్లీ వేయించాను. తప్పు ఊపిరిది. ఊపిరి తీసే డయాఫ్రమ్ కండరానికి మెడలోని మూడు, నాలుగు, ఐదో నరాలు పనిచేస్తాయి. పక్కటెముకల మధ్య, పొట్ట దగ్గర కండరాలు మనకి సాయం రావు. అందరికీ కూర్చుంటే ఊపిరి తేలిక, మనలో చాలామందికి పడుకుంటేనే తేలిక, ఎందుకంటే కూర్చున్నప్పుడు పొట్ట ముందుకి జారి డయాఫ్రమ్ పట్టు తగ్గుతుంది. గంటలు గడిచేకొద్దీ గొంతు సన్నబడుతుంది, వాక్యం చివరి మాటలు గాలిలో కలిసిపోతాయి. కూర్చునేటప్పుడు పొట్టకి బెల్టు కట్టుకుంటే నాకు తేడా తెలిసింది, మీ డాక్టర్‌ని అడిగి సైజు చూసుకోండి. వాక్యాన్ని నాలుగైదు మాటలకి కోసి చెప్పండి.

పని మధ్యలో హఠాత్తుగా తల పగిలిపోయేంత నొప్పి, ముఖం ఎర్రబడి చెమటలు వస్తే మైక్ సంగతి వదిలేయండి. మూత్రం నిలిచిపోతే మనకి బీపీ ఒక్కసారిగా పెరిగిపోవచ్చు. తల ఎత్తించి కూర్చోబెట్టమనండి, యూరిన్ పైపు ఎక్కడ మెలిపడిందో చూడమనండి, తగ్గకపోతే వెంటనే ఆసుపత్రికి.

తెలుగు చెప్తే ఇంగ్లీషు చెత్త రాస్తోంది

నేను వాడే వాయిస్ యాక్సెస్ ఇంగ్లీషుది, అందుకే తెలుగు మాటలు దాని చెవికి చెత్తే. తెలుగుకి గూగుల్ డాక్స్‌లో వాయిస్ టైపింగ్ వాడతాను, క్రోమ్‌లో తెరిచి భాష తెలుగు పెట్టాలి. గూగుల్ 2017 ఆగస్టులో తెలుగు మాటల్ని వినడం మొదలుపెట్టింది. ఇక్కడ చిక్కేమిటంటే ఒకే మైక్‌ని రెండూ వింటాయి. నేను తెలుగు చెప్పే ముందు వాయిస్ యాక్సెస్‌ని పడుకోబెడతాను, లేపేటప్పుడు ఆ లేపే మాటని డాక్స్ కూడా విని పేజీ చివర "వాయిస్ యాక్సెస్ వేకప్" అని తెలుగులో రాసి పెడుతుంది. మొదట్లో చిరాకు, ఇప్పుడు చివర చెరిపేస్తాను. లేపాక "షో నంబర్స్" అంటే తెర మీద ప్రతి బటన్‌కీ అంకె వస్తుంది, డాక్స్ మైక్ బొమ్మ అంకె చెప్తే చాలు, డాక్స్ వినడం ఆపేస్తుంది.

యాస సంగతి. "సూడు", "సెప్పు" అంటే అది తనకి తెలిసిన ఏదో మాట రాసేస్తుంది. దానికి మన ముక్క నేర్పించాలని ఏడాది పోరాడాను, లాభం లేదు. రేడియో వార్తల తెలుగులో చెప్తున్నాను. అమ్మ తలుపు దగ్గర నిలబడి "ఎవుల్తో మాటాడతన్నావురా, కలెక్టరుతోనా?" అంటుంది.

నోటి పుల్లతో ఫోన్ తాకినా కదలదు

టచ్ స్క్రీన్ నొక్కే బలంతో పని చేయదు, ఒంట్లోంచి విద్యుత్ మార్గం ఉండాలి. వెదురు పుల్ల, ప్లాస్టిక్ పుల్ల ఎంత పొడిచినా అంతే. కొన నుంచి పెదవికి ఆనేదాకా తెగకుండా వంటింటి అల్యూమినియం రేకు చుట్టండి, మధ్యలో చిరిగితే మళ్లీ ఆగుతుంది. ముందు పళ్లతో కరవకండి, అవి కదిలిపోతాయి. దంత వైద్యుడి దగ్గర పళ్ల అచ్చు చేయించుకుంటే దవడ పళ్ల మీదకి బరువు పోతుంది.

నెట్ లేదు

వాయిస్ యాక్సెస్‌కి భాష ఫైలు ఒకసారి దిగితే నెట్ అక్కర్లేదు, డాక్స్‌కి మాత్రం కావాలి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు నెట్టూ లేదు, కరెంటూ లేదు, కొబ్బరి తోటలు పడుకున్నాయి. చెంప దగ్గర కాలింగ్ బెల్ బటన్ కట్టి ఉంది, దాన్ని మోగించాను, మోగలేదు. బటన్‌లో సెల్ ఉంది గానీ మోగే పెట్టె గోడ ప్లగ్గుది. తర్వాత రెండు వైపులా సెల్స్ ఉన్నది కొన్నాం, అది వంటగదిలో ఉప్పు డబ్బా పక్కన ఉంటుంది.