పెళ్లి రిసెప్షన్‌లో స్క్రీన్ మీద ఫొటోలు వేస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

ఐఫోన్ ఫొటోలు హెచ్‌ఈఐసీలో (ఐఫోన్ వాడే ఫైల్ ఫార్మాట్, HEIC) ఉంటే మామూలు జేపెగ్ (JPG) ఫార్మాట్‌లోకి మార్చండి. చాలా టీవీలు పెన్‌డ్రైవ్‌లోని హెచ్‌ఈఐసీని అసలు చూపించవు. ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తుంది, అప్పటికి జనం వచ్చేసి ఉంటారు. ఇకపై తీసేవాటికి సెట్టింగ్స్, కెమెరా, ఫార్మాట్స్‌లో 'మోస్ట్ కంపాటిబుల్' పెట్టండి. పాతవి మాత్రం వాటంతట అవి మారవు.

వాట్సాప్‌లో తెప్పించుకుంటే డాక్యుమెంట్‌గా పంపమనండి. మామూలుగా పంపితే కుదించేస్తుంది. పెద్ద తెర మీద ముఖాలు అలికినట్టుంటాయి.

శుభలేఖ, పేర్లున్న స్లైడ్లు పీఎన్‌జీలో (నాణ్యత తగ్గించని ఫార్మాట్, PNG) సేవ్ చేయండి. జేపెగ్‌ను బాగా కుదిస్తే 'క్ష్మి' లాంటి ఒత్తుల చుట్టూ మచ్చలు పడతాయి. ఫొటోలకు పీఎన్‌జీ దండగ, సైజు పెరగడం తప్ప ఒరిగేదేం లేదు.

ప్రింటింగ్ ప్రెస్ వాళ్లిచ్చిన ఫైల్ సీఎంవైకేలో (ప్రింటింగ్‌కు వాడే రంగుల పద్ధతి, CMYK) ఉంటే ఆర్‌జీబీకి (తెరలకు వాడేది, RGB) మార్చండి. కొన్ని టీవీల్లో రంగులు మారిపోతాయి, కొన్నింటిలో తెరుచుకోదు.

ఫుల్ హెచ్‌డీ తెరకు 1920×1080 చాలు. అంతకు మించితే లోడింగ్ ఆలస్యం.

పేర్లు 001, 002 అని పెట్టండి. ఉత్త 1, 2 అంటే కొన్ని టీవీలు 10ని 2 కంటే ముందు వేస్తాయి.

నిలువు ఫొటోలు పడుకుని వస్తాయేమో ఆ హాల్ టీవీలోనే ఒక్కసారి వేసి చూడండి.