క్రీట్‌లో తొమ్మిది రాత్రులు: పొద్దున నడక, మధ్యాహ్నం భోజనం

మ్యాపులో చూస్తే గ్రీసు దేశపు ద్వీపం క్రీట్ మునక్కాడ ముక్కలా ఉంటుంది, సన్నగా, పొడుగ్గా. అది చూసే మోసపోయాను. తొమ్మిది రాత్రులకి ఆరు హోటళ్ళు రాసుకుని, ద్వీపమంతా చుట్టేలా ఎక్సెల్ షీటు తయారు చేసి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్న మా తమ్ముడికి పంపాను. వాడు వెంటనే ఫోన్ చేశాడు. "అక్కా, నువ్వు నడవాలంటావు, బావగారు తినాలంటారు. ఇందులో రెండూ లేవు, కారు ఎక్కడం దిగడమే ఉంది" అన్నాడు.

నిజమే. పడమటి కొస నుంచి తూర్పు కొసకి దాదాపు 260 కిలోమీటర్లు. మధ్యలో 2,400 మీటర్లు దాటిన కొండలు. ఉత్తర తీరం వెంట ఒక్కటే పెద్ద రోడ్డు. దక్షిణానికి వెళ్ళాలంటే ప్రతిసారీ కొండ ఎక్కి దిగాల్సిందే. ఉత్తర తీరంలోని హనియా ఊరి నుంచి దక్షిణ తీరంలోని హోరా స్ఫాకియోన్‌కి 70 కిలోమీటర్ల పైచిలుకు, మాకు గంటన్నర పైనే పట్టింది. కాబట్టి ముందుగా చేయాల్సిన పని, సగం ద్వీపాన్ని కొట్టేయడం. మేము తూర్పుని కొట్టేశాం. అక్కడ వాయీ అనే ఈతచెట్ల వనం ఉంది, 1957 దాకా కుష్ఠురోగుల్ని ఉంచిన స్పినలోంగా దీవి ఉంది. ఉండనివ్వండి. హనియాలో ఐదు రాత్రులు, దక్షిణ తీరంలో మూడు, తిరుగు విమానానికి ముందు ఇరాక్లియోలో ఒకటి. రోజుకి ఒక్క నడక, ఒక్క మంచి భోజనం. అంతకుమించి ఏమీ పెట్టుకోలేదు.

మాతో మా అత్తయ్య కూడా వచ్చారు. ఆవిడకి 67 ఏళ్ళు, గుడ్డు కూడా ముట్టరు. "అక్కడ నాకేం దొరుకుతుందే, బ్రెడ్డు తప్ప" అని బయల్దేరేదాకా బెంగ పెట్టుకున్నారు. అసలు ఈ ప్రయాణంలో అందరికన్నా సుఖంగా తిన్నది ఆవిడే. ఆ సంగతి తర్వాత చెబుతాను.

నెల విషయంలో రాజీ పడొద్దు. మన పిల్లల వేసవి సెలవులు మేలో ఉండటం ఇక్కడ కలిసొచ్చింది. జులై, ఆగస్టుల్లో ఎండ, జనం, రేట్లు మూడూ మండిపోతాయి. పైగా మెల్తెమి అనే ఉత్తరపు గాలి. మే రెండో సగంలో అయితే కొండల మీద ఇంకా పువ్వులుంటాయి, నడవడానికి ఒళ్ళు సహకరిస్తుంది. సముద్రం మాత్రం చల్లగా ఉంటుంది. మా ఆయన నడుం లోతు దిగి కేక పెట్టారు. ఈతే ముఖ్యమైతే సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో వెళ్ళండి.

వీసా గురించి ఒక్క మాట. గ్రీసుకీ జర్మనీకీ కలిపి ఒక్కటే, షెంగెన్ వీసా. దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే పెట్టుకోవచ్చు. ఫీజు పెద్దవాళ్ళకి 90 యూరోలు, సర్వీసు చార్జీలు వేరే. కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్సు తప్పనిసరి. విమానం ముందు ఎక్కడ దిగినా, ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. రోజులు సమానమైతేనే మొదట దిగే దేశం. మేము ఫ్రాంక్‌ఫర్ట్‌లో రెండు రాత్రులు, క్రీట్‌లో తొమ్మిది. అయినా ఒక ఏజెంటు జర్మనీకి పెట్టమని చెప్పి మా రెండు వారాలు తినేశాడు. అప్పుడు పడ్డ టెన్షన్ కొండల్లో కూడా పడలేదు.

సామానులో ఆవకాయ, కందిపొడి పెట్టుకోండి. నెయ్యి, పాలకోవా, పెరుగు మిరపకాయలు వద్దు. యూరప్‌లోకి బయటి నుంచి పాల వస్తువులు, మాంసం తీసుకెళ్ళనివ్వరు. పచ్చి కరివేపాకు కూడా వద్దు. అత్తయ్య నేతి సీసాని ఎయిర్‌పోర్టుకి వచ్చిన మా ఆడపడుచు చేతిలో పెట్టాల్సి వచ్చింది.

కారు అన్ని రోజులకీ తీసుకోకండి. మాకు నాలుగు రోజులు సరిపోయింది. మన లైసెన్సుతో పాటు ఆర్టీవో ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి. ఆటోమేటిక్ కావాలంటే ముందే బుక్ చేయాలి, అక్కడ గేరు బళ్ళే ఎక్కువ. నడపడం కుడివైపు. పెద్ద రోడ్డు మీద నెమ్మదిగా వెళ్ళేవాళ్ళు సగం బండిని పక్క అంచు మీదికి జరిపి వెనకవాళ్ళకి దారిస్తారు. మొదటి రోజు తెలియక హారన్లు తిన్నాం. ఇన్సూరెన్సు కాగితంలో మట్టిరోడ్ల సంగతి చదివి తీరాలి. బాలోస్ బీచికి వెళ్ళే దారి చివర రాళ్ళబాట. అలాంటి చోట టైరు పగిలినా, బండి అడుగుభాగం దెబ్బతిన్నా చాలా కంపెనీలు ఇన్సూరెన్సు వర్తించదంటాయి. మేము ఆ దారి పట్టి టైరు పోగొట్టుకున్నాం, డబ్బు మాదే పోయింది. బాలోస్‌కి కిస్సామోస్ నుంచి పడవలుంటాయి. హాయిగా అందులో వెళ్ళండి.

సమరియా లోయకి మాత్రం కారు అసలు పనికిరాదు. ఎందుకంటే నడక మొదలుపెట్టిన చోటికి తిరిగి రారు. హనియా నుంచి తెల్లవారుజాము బస్సులో ఒమాలోస్ పీఠభూమికి గంట ప్రయాణం. అక్కడ క్సిలోస్కాలో అనే చోట, 1,200 మీటర్ల పై ఎత్తు నుంచి దిగడం మొదలు. మొత్తం 16 కిలోమీటర్లు నడిచి లిబియా సముద్రం ఒడ్డున అయా రూమెలీ అనే ఊళ్ళో తేలతారు. ఆ ఊరికి రోడ్డు లేదు. పడవలో సూయాకి గానీ హోరా స్ఫాకియోన్‌కి గానీ వెళ్ళి, అక్కడ బస్సెక్కి రాత్రికి హనియా చేరాలి. అంటే పొద్దున బస్సు, సాయంత్రం పడవ, ఆ తర్వాత బస్సు, మూడింటి వేళలూ ముందురోజే కనుక్కోవాలి. లోయ సాధారణంగా మే 1 నుంచి అక్టోబరు చివరి దాకా తెరుస్తారు. వాన పడినా, ఎండ మరీ ముదిరినా ఆ రోజుకి మూసేస్తారు. అందుకని దీన్ని ఆఖరి రోజుకి పెట్టుకోకండి.

దిగుడే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. ఊపిరి ఆడుతుంది గానీ మోకాళ్ళు ఆడవు. మొదటి రెండు మూడు కిలోమీటర్లు మరీ నిటారు. గట్టి అట్ట ఉన్న బూట్లు, చేతికర్ర ఉండాలి. నీళ్ళు మోయక్కర్లేదు, ఒక సీసా చాలు. దారిలో ఊటల దగ్గర నింపుకోవచ్చు. సగం దూరంలో సమరియా ఊరు వస్తుంది. 1962లో దీన్ని జాతీయ పార్కు చేసినప్పుడు జనాన్ని ఖాళీ చేయించారు. క్రీ-క్రీ అనే అడవిమేకలు కనబడేది ఆ రాతి ఇళ్ళ దగ్గరే. మా ఆయన చేతిలో బిస్కట్ ప్యాకెట్ చూసి ఒకటి దగ్గరికొచ్చింది, పెట్టకూడదు. చివర్లో రెండు కొండగోడలు దగ్గరికొచ్చి, మధ్య మూడు నాలుగు మీటర్ల సందు మాత్రం మిగులుతుంది. తలెత్తితే 300 మీటర్ల రాయి. నాకు అక్కడ మాట రాలేదు. టికెట్టు పారేయొద్దు, బయటికొచ్చేటప్పుడు అడుగుతారు. లోపల ఎవరూ మిగిలిపోలేదని అలా లెక్క చూసుకుంటారు. మాకు ఆరు గంటలు పట్టింది.

అత్తయ్యకి ఇంబ్రోస్ లోయ. ఇది 8 కిలోమీటర్లే, రెండున్నర మూడు గంటల నడక. రోజూ పొద్దున పార్కులో తిరిగే అలవాటు ఉన్నవాళ్ళు ధైర్యంగా చేయొచ్చు. ఒకచోట రెండు చేతులూ చాపితే రెండు గోడలూ అందేటంత ఇరుకు. 1941 మేలో జర్మన్ల నుంచి తప్పించుకుంటూ మిత్రదేశాల సైనికులు సముద్రం వైపు దిగింది ఈ దారినే. కింద కొమితాదెస్ ఊళ్ళో పికప్ ట్రక్కులు ఉంటాయి. వెనక ఎక్కించుకుని, కారు పెట్టిన చోటికి తీసుకెళ్ళి దించుతారు. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని ట్రక్కు వెనక కూర్చున్న అత్తయ్య ఫొటోని మా ఆడపడుచు ఇప్పటికీ వాట్సాప్ డీపీగా ఉంచుకుంది.

ఇక తిండి. అక్కడ మధ్యాహ్న భోజనం రెండింటికి, రాత్రి తొమ్మిది దాటాక. నడక పన్నెండుకల్లా ముగించి, కడుపు మాడ్చుకుని ఊళ్ళోని చిన్న తవెర్నాకి, అంటే భోజన హోటలుకి, వెళ్ళండి. మెనూ చూడటం కంటే "ఈ రోజు ఏం వండారు" అని అడగడం మంచిది.

శాకాహారిని గ్రీకులో హోర్తోఫాగోస్ అంటారు. హోర్తా అంటే ఆకుకూరలు. అచ్చంగా మన మాటే. ఈస్టరు ముందు నలభై రోజులకి పైగా మాంసం, పాలు, గుడ్లు మానేసే ఆచారం ఉన్న జనం కాబట్టి, కూరగాయలతో వండటం వాళ్ళకి చేతనైన పని. ఉడికించిన వ్లీతా వచ్చినప్పుడు అత్తయ్య ఒక ముద్ద నోట్లో పెట్టుకుని "ఇది మన తోటకూరే" అన్నారు. అవును, తోటకూర జాతే. పైన ఆలివ్ నూనె, నిమ్మరసం. ఎండలు ముదిరాక సలాడ్‌లో గంగవాయిలి కూడా వేస్తారట. ఫావా అంటే ముద్దపప్పు అనుకోండి. దాన్లోకి ఆవకాయ కలిపితే తవెర్నా యజమానురాలు వేలితో రుచి చూసి కళ్ళు తుడుచుకుంది. టమాటాలో ఉడికించిన బెండకాయ పేరు బామ్యెస్. గుమ్మడి జాతి కాయ, బంగాళాదుంప, మిజిత్రా చీజ్, పుదీనా పొరలు పొరలుగా వేసి కాల్చేది హనియా బురెకి. స్ఫాకియా వైపు వెళ్తే అక్కడి పీతా వదలొద్దు: పిండిలో మిజిత్రా కూరి, పలచగా ఒత్తి, పెనం మీద కాల్చి తేనె పోస్తారు. బొబ్బట్టుకి దూరపు చుట్టం.

ఒక్క చోట జాగ్రత్త. గమోపిలాఫో అని తెల్లగా, మెత్తగా అన్నం ఉంటుంది, పెళ్ళిళ్ళలో పెట్టేది. చూడటానికి అమాయకంగా కనిపిస్తుంది కానీ వండేది మాంసం ఉడికిన నీళ్ళలో. అత్తయ్య చెంచా ఎత్తారు, నేను చెయ్యి పట్టుకున్నాను. టమాటాల్లో కూరి చేసే గెమిస్తాలో కూడా ఒక్కోసారి కైమా ఉంటుంది. "హోరీస్ క్రేయాస్", అంటే మాంసం లేకుండా, అని అడిగి తీసుకోండి.

తినేవాళ్ళకి చెప్పేదేముంది. మంట చుట్టూ నిలబెట్టి గంటల తరబడి కాల్చే గొర్రెమాంసం అంతీక్రిస్తో, రోజ్‌మేరీ, వెనిగర్‌తో వేయించే నత్తలు. మా ఆయనది గోదావరి జిల్లా, నత్తలు కొత్త కాదు. చేప కిలో లెక్కన అమ్ముతారు. వండకముందే తూయించి ధర అడగండి. భోజనం చివర పండో స్వీటో, చిన్న సీసాలో రాకీ ఉచితంగా తెస్తారు. అది సారాయి లాంటిది, నీళ్ళలా కనిపిస్తుంది. మళ్ళీ కొండరోడ్డు మీద నడపాల్సినవాళ్ళు గ్లాసు ఎత్తి దించేయండి చాలు.

ఇంకో తమాషా. అక్కడ "నే" అంటే అవును, "ఓహి" అంటే కాదు. తవెర్నా యజమానురాలు ఏ వంటకం వివరించినా అత్తయ్య మనలాగే "ఓహో, ఓహో" అంటున్నారు. పాపం ఆవిడ ఒక్కో గిన్నే వెనక్కి తీసుకెళ్ళిపోయింది.

హోటల్ గదికి రోజుకింత అని ప్రభుత్వ పన్ను అక్కడికక్కడ కట్టించుకుంటారు, ఆన్‌లైన్ ధరలో అది కలిసి ఉండకపోవచ్చు. ఆఖరి రోజు ఇరాక్లియోలో క్నోసోస్ అనే పురాతన రాజభవన శిథిలాలకి గేటు తీయగానే వెళ్ళండి, పది దాటితే నీడ దొరకదు. కొనుక్కునేవి హనియాలో శనివారం సంతలోనే కొన్నాం: ఆలివ్ నూనె డబ్బా, థైమ్ తేనె. రెండూ చెకిన్ బ్యాగులోకే. తేనెని కూడా ద్రవం కిందే లెక్కేస్తారు.

పక్సిమాదీ అనే బార్లీ రస్కులు నాలుగు ప్యాకెట్లు తెచ్చాం. పొడిగా కొరికితే పళ్ళూడతాయి. మీద కొంచెం నీళ్ళు చిలకరించి, టమాటా తురిమి, మిజిత్రా పొడి చేసి, నూనె ధారగా పోస్తే దాకోస్. కూకట్‌పల్లిలో మిజిత్రా లేదు కాబట్టి పాలు విరగ్గొట్టి వేస్తున్నాం. ఒరెగానో బదులు అత్తయ్య వాము నలిపి చల్లుతున్నారు.