సర్టిఫికెట్ రిక్వెస్ట్ ఎర్రర్ కొడుతుంటే ఒక్క సున్నా పెట్టి చూడండి

కుబెర్నెటిస్ (చాలా కంప్యూటర్ల మీద యాప్‌లను కలిపి నడిపే సాఫ్ట్‌వేర్) క్లస్టర్‌లో కొత్తగా చేరిన పిల్లగానికి యాక్సెస్ ఇద్దామని సర్టిఫికెట్ రిక్వెస్ట్ పెడితే, ఆ రిక్వెస్ట్ రాసిన యామల్ ఫైలే తీసుకోలేదు. పొద్దంతా అదే తిప్పలు. నల్లగొండల ఇంటి నుంచి పని, అడుగుదామంటే పక్కన ఎవరూ లేరు. తీరా చూస్తే సర్టిఫికెట్ అర్జీని యామల్‌లో పెట్టేటట్టు మార్చే బేస్64 కమాండ్ లినక్స్‌లో ప్రతి 76 అక్షరాలకు లైన్ విరుస్తున్నది!

కమాండ్ పక్కన హైఫన్, డబ్ల్యూ, సున్నా (-w 0) పెట్టండి. మొత్తం ఒకే లైన్‌లో వస్తది, దాన్నే యామల్‌లో రిక్వెస్ట్ అనే గడిలో అతికించాలె. అంతకుముందు ఓపెన్ఎస్ఎస్ఎల్‌తో 2048 బిట్ల ఆర్ఎస్ఏ కీ, దాంతో సీఎస్ఆర్ (అదే, సర్టిఫికెట్ కోసం అర్జీ) చేసుకోవాలె. అందులో సీఎన్ అంటే యూజర్ పేరు, ఓ అంటే గ్రూపు. యామల్‌లో సర్టిఫికెట్ దేనికో చెప్పే యూసేజెస్‌లో క్లయింట్ ఆథ్ మరిచిపోతే అప్రూవ్ చేసినా సంతకం పడదు. ఎక్స్‌పిరేషన్ సెకండ్స్ 86400 పెడితే ఒక రోజు గడువు అడిగినట్టు. నేనైతే తక్కువే పెడత, ఎందుకంటే ఒకసారి ఇచ్చిన సర్టిఫికెట్‌ను కుబెర్నెటిస్‌లో రద్దు చేసే దారి లేదు. 600 కంటే తక్కువ మాత్రం ఒప్పుకోదు.

కుబెర్నెటిస్‌కు ఆదేశాలిచ్చే క్యూబ్‌సీటీఎల్‌తో అప్రూవ్ కొట్టంగనే స్టేటస్‌లోని సర్టిఫికెట్‌ను డీకోడ్ చేసి దాచుకోండి. చాయ్ తాగి తీరిగ్గ చూద్దామంటే, గంట దాటినంక ఆ రిక్వెస్టే చెరిగిపోతది. ఆ యూజర్ ఏమేం చేయొచ్చో చెప్పే రోల్ బైండింగ్ వేరే ఇయ్యాలె.

ఒక్క జాగ్రత్త: క్లౌడ్ కంపెనీలు నడిపే కొన్ని క్లస్టర్లు ఇట్లాంటి యూజర్ సర్టిఫికెట్లకు సంతకమే పెట్టవు. అప్రూవ్డ్ అని ఉండి పక్కన ఇష్యూడ్ రాకపోతే, ముందు యూసేజెస్ సరిచూసుకోండి. అవి సరిగ్గనే ఉంటే ఇక్కడ ఈ పద్ధతి నడవదు, క్లౌడ్ వాళ్ల లాగిన్ పద్ధతే వాడాలె.