సూక్ష్మ ఘర్షణ పాఠాలు – 5: భారం సున్నా అయినా ఘర్షణ ఎందుకు మిగులుతుంది?

గత పాఠంలోని లెక్కకు నాకు అందిన జవాబుల్లో ఎక్కువ భాగం ఒకే చోట తప్పాయి. అందుచేత ఈసారి చెప్పదలచిన అరుగుదలను చివరికి జరిపి, ముందు ఆ ముడి విప్పుతాను. మన పరికరంలో కాంటిలివర్ అంటే కొసన వాడి మొన ఉన్న సన్నని పలక; ఆ మొనను ఉపరితలం మీద నొక్కి జరుపుతూ ఘర్షణ కొలుస్తాం. దాని వంపును బలంగా మార్చడం అందరికీ వచ్చింది కనుక దాని జోలికి వెళ్లను.

మొనను నొక్కే భారం 5, 10, 20, 40 నానోన్యూటన్లు (నానోన్యూటన్ అంటే న్యూటన్‌లో వంద కోట్లవ వంతు) ఉన్నప్పుడు ఘర్షణ వరుసగా 1.5, 2, 3, 5 నానోన్యూటన్లు అని ఇచ్చాను. మీలో చాలామంది ఘర్షణను భారంతో భాగించి 0.3, 0.2, 0.15, 0.125 అని నాలుగు ఘర్షణ గుణకాలు రాసి, భారం పెరిగేకొద్దీ ఉపరితలం నునుపు తేలుతోందని తేల్చారు. ఉపరితలం ఏమీ మారలేదు. ఘర్షణ భారానికి అనులోమానుపాతంలో ఉంటుందని 1699లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త అమోంటన్ చెప్పిన నియమాన్ని ఇంటర్మీడియట్‌లో చదివిన నాటి నుంచి, ఒక్క భాగహారంతో గుణకం వస్తుందన్న అలవాటు మనల్ని వదలడం లేదు. ఈ అలవాటు ఎంత మంచి కొలతనైనా పాడుచేస్తుంది.

మా తాడిపత్రి పాలిష్ ఫ్యాక్టరీలో తడిసిన నల్లబండ మీద అంతే నునుపైన మరో తడి బండ పెట్టి చూడండి. పైబండను నిటారుగా లేపబోతే దాని బరువుకు మించిన బలం కావాలి. ఒక అంచుకు జరిపి తీస్తే సులువుగా వస్తుంది. నడుమనున్న నీటిపొర రెండింటినీ పట్టి ఉంచుతుంది. ఆ పట్టు బండ బరువు ముందు కొంతే కానీ, నానోన్యూటన్ల లోకంలో అదే భారంతో సమానమవుతుంది. గాలిలో తేమ ఉంటే మొనకూ ఉపరితలానికీ మధ్య ఇలాంటి నీటి వంతెనే ఏర్పడుతుంది. తేమ లేకపోయినా అణువుల మధ్య ఆకర్షణ ఎలాగూ ఉంటుంది. కనుక మనం నొక్కే భారానికి ఈ అంటుకునే బలం కూడా తోడవుతుంది.

ఇప్పుడు ఆ నాలుగు బిందువులను గ్రాఫు కాగితం మీద పెట్టి గీత గీయండి. వాలు 0.1, అదే గుణకం. గీతను వెనక్కి పొడిగిస్తే భారపు అక్షాన్ని మైనస్ 10 దగ్గర తాకుతుంది. అంటుకునే బలం 10 నానోన్యూటన్లు. భారం సున్నా దగ్గర కూడా 1 నానోన్యూటన్ ఘర్షణ మిగులుతుంది. ఒకే వాడి మొన తాకేచోట, తక్కువ భారాల్లో గీత కొంత వంగుతుంది కాబట్టి, వాలును ఏ భారాల మధ్య తీశారో తప్పక రాయండి.

1987లో కాలిఫోర్నియాలోని ఐబీఎం ప్రయోగశాలలో టంగ్‌స్టన్ మొనను గ్రాఫైట్ మీద జరిపినప్పుడు, ఘర్షణ గ్రాఫైట్ అణువుల అమరిక దూరానికి ఒకసారి చొప్పున ఎగసిపడింది. అంత సన్నని సంగతిని పట్టుకోగల పరికరాన్ని భాగహారంతో మొద్దుబార్చకండి.

ఇక అరుగుదల. మొన కూడా అరుగుతుంది. అరిగి మొద్దుబారితే దాని వ్యాసార్థానికి అనుపాతంలో అంటుకునే బలం పెరుగుతుంది. అందుకే నేను భారాన్ని మెట్లుమెట్లుగా పెంచి, అవే మెట్ల మీదుగా దిగుతాను. దిగేటప్పటి గీత ఎక్కేటప్పటి గీత మీద పడకపోతే ఆ మొనను పక్కన పెట్టేస్తాను.

అభ్యాసం: ఎక్కేటప్పుడు 10, 20, 30, 40 నానోన్యూటన్లకు ఘర్షణ 2, 3, 4, 5. దిగేటప్పుడు 30, 20, 10 కి 4.6, 3.6, 2.6. రెండు గీతల వాలులనూ, రెండు అంటుకునే బలాలనూ కనుక్కొని, మొన వ్యాసార్థం ఎన్ని రెట్లయిందో చెప్పండి. గ్రాఫు లేకుండా పంపిన జవాబును దిద్దను.