ఓపెన్ సోర్స్ సాధనాలతో సిస్టమ్ భద్రతను ఎలా పరీక్షించాలి?

సర్వర్‌లోనో వెబ్‌సైట్‌లోనో ఉన్న లోపాలను దాడి చేసేవారి కంటే ముందుగా మనమే, వారు వాడే పద్ధతులతోనే కనిపెట్టడాన్ని పెనెట్రేషన్ టెస్టింగ్ అంటారు. దీనికి కావలసిన సాధనాల్లో చాలావరకు ఉచితంగా దొరికేవే, కోడ్‌ను ఎవరైనా తెరిచి చూడగలిగినవే. వాటిని నడపడం కొద్ది రోజుల్లో వస్తుంది. అవి చూపిన ఫలితం నిజమో కాదో తేల్చుకోవడానికే ఎక్కువ ఓపిక కావాలి.

ముందుగా అనుమతి సంగతి చూడాలి. పరీక్షించే సిస్టమ్ మీది కాకపోతే యజమాని నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. ఏ ఐపీ చిరునామాలను, ఏ డొమైన్లను, ఏ తేదీల్లో పరీక్షించవచ్చు, ఏ పనులు చేయకూడదు, మధ్యలో ఏదైనా సేవ ఆగిపోతే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవన్నీ అందులో ఉండాలి. సర్వర్ క్లౌడ్‌లో ఉంటే ఆ సంస్థ నిబంధనలు కూడా చదవాలి. పోర్టులు (సర్వర్‌లోని సేవలకు చేరే, సంఖ్యలున్న ద్వారాలు) మాత్రమే చూశాను, ఏమీ పాడుచేయలేదు అన్న సమాధానం ఈ కాగితానికి బదులు కాదు.

తరువాత, నేర్చుకోవడానికి సొంత ప్రయోగశాలను సిద్ధం చేసుకోండి. మన కంప్యూటర్ లోపలే మరో కంప్యూటర్‌ను నడిపించే వర్చువల్‌బాక్స్‌లో రెండు వర్చువల్ యంత్రాలు చాలు. ఒకదానిలో డెబియన్ అనే లినక్స్ పంపిణీ ఆధారంగా తయారై 2013లో విడుదలైన, భద్రతా పరీక్షల కోసం ఉద్దేశించిన కాలీ లినక్స్, రెండో దానిలో సాధన కోసం కావాలనే లోపాలతో నిర్మించిన మెటాస్ప్లాయిటబుల్ 2 ఉంచండి. కాలీని అధికారిక వెబ్‌సైట్ నుంచే దించుకుని, అక్కడ ఇచ్చిన ఎస్‌హెచ్‌ఏ-256 విలువతో (ఫైలుకు వేలిముద్ర లాంటిది) ఫైలును సరిచూడండి. కాలీకి కావలసిన అప్‌డేట్లను, కింద చెప్పే సాధనాలను, వాటి సమాచారాన్ని ఇంటర్నెట్ ఉండగానే దించుకుని, ఆ తరువాతే దాన్ని బయటి ఇంటర్నెట్‌తో సంబంధం లేని హోస్ట్-ఓన్లీ నెట్‌వర్క్‌లోకి మార్చండి. రెండో యంత్రం మొదటి నుంచీ అందులోనే ఉండాలి. మెటాస్ప్లాయిటబుల్‌ను ఒక్క గంట కూడా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచకూడదు. మొదలుపెట్టే ముందు స్నాప్‌షాట్ తీసుకుంటే ఏది చెడినా వెనక్కి వెళ్లవచ్చు.

ఇప్పుడు ఎన్‌మ్యాప్‌తో ఆరంభించండి. గోర్డన్ లయన్ 1997లో విడుదల చేసిన ఈ సాధనం నెట్‌వర్క్‌లో ఏ యంత్రాలు ఉన్నాయో, వాటిలో ఏ పోర్టులు తెరిచి ఉన్నాయో, వాటి వెనుక ఏ సాఫ్ట్‌వేర్ నడుస్తోందో చెబుతుంది. ఏమీ మార్చకుండా నడిపితే ఇది తరచుగా వాడే 1,000 టీసీపీ పోర్టులనే చూస్తుంది. కానీ మొత్తం పోర్టులు 65,535. ఎవరో తాత్కాలికంగా పెట్టి మరచిపోయిన అడ్మిన్ పేజీ ఆ వెయ్యిలో లేకపోవచ్చు కాబట్టి, రెండోసారి అన్ని పోర్టులనూ, వెర్షన్ గుర్తింపుతో సహా స్కాన్ చేసి, ఫలితాలను ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా భద్రపరచండి. మెటాస్ప్లాయిటబుల్‌లో 21వ పోర్టు మీద వీఎస్‌ఎఫ్‌టీపీడీ 2.3.4 అనే ఫైలు బదిలీ సాఫ్ట్‌వేర్ కనిపిస్తుంది. 2011లో ఆ వెర్షన్ డౌన్‌లోడ్ ఫైలులోకి ఎవరో రహస్య ద్వారాన్ని చొప్పించారు. యూజర్ పేరు చివర నవ్వు గుర్తు పెడితే 6200వ పోర్టులో, యంత్రానికి ఆదేశాలు ఇవ్వగల షెల్ తెరుచుకునేది. కాలీ ఫైలును సరిచూడమని చెప్పడానికి ఇంతకంటే మంచి కారణం నాకు తెలియదు.

తదుపరి దశ లోపాలను స్వయంచాలకంగా వెతకడం. నెసస్ అనే లోపాల స్కానర్ 2005లో ఓపెన్ సోర్స్ బాటను వదిలినప్పుడు దాని పాత కోడ్ నుంచి పుట్టిన ఓపెన్‌వాస్‌ను నేడు గ్రీన్‌బోన్ సంస్థ అందిస్తోంది. మొదటిసారి పరీక్షల సమాచారం దిగడానికి చాలా సమయం పడుతుంది, మధ్యలో ఆపకండి. నివేదిక రాగానే ఎర్రటి వరుసలు చూసి కంగారుపడటం సహజమే కానీ, వాటిలో కొన్ని నిజం కావు. డెబియన్ వంటి పంపిణీలు కొత్త వెర్షన్‌కు మారకుండా, భద్రతా సవరణను మాత్రమే తెచ్చి పాత వెర్షన్‌లో చేరుస్తాయి. ప్రధాన వెర్షన్ సంఖ్య మారదు, లోపం మాత్రం పోతుంది. బయటి నుంచి సంఖ్యను మాత్రమే చూసే స్కానర్ దాన్ని ఇంకా లోపంగానే లెక్కిస్తుంది. అందుకే ప్రతి ఫలితం పక్కన ఉండే గుర్తింపు నాణ్యత శాతాన్ని చూడండి, ఆ సర్వర్‌లో ప్యాకేజీ మార్పుల చిట్టాను తెరిచి సీవీఈ సంఖ్యను (బహిరంగమైన ప్రతి లోపానికీ ఇచ్చే గుర్తింపు సంఖ్య) వెతకండి. వీలైతే లాగిన్ వివరాలు ఇచ్చి మరోసారి స్కాన్ చేయండి. లోపలి నుంచి చూసిన స్కానర్ ఊహించడం మాని, ప్యాకేజీల జాబితా చూసి చెబుతుంది.

వెబ్ అప్లికేషన్లలో లోపాలను వెతకడానికి జాప్ అనే సాధనం ఉంది. సాధనకు జ్యూస్ షాప్ అనే లోపాల అప్లికేషన్‌ను ప్రయోగశాలలో నడపండి. బ్రౌజర్‌ను జాప్ ప్రాక్సీ (బ్రౌజర్‌కు, సర్వర్‌కు మధ్య నిలిచేది) ద్వారా కలిపి, మామూలు వాడుకరిలా ప్రతి పేజీనీ తిరగండి. ఈలోగా జాప్ ఏ దాడీ చేయకుండానే హెడర్లను, కుకీలను గమనిస్తూ ఉంటుంది. యాక్టివ్ స్కాన్ అలా కాదు. అది ప్రతి ఫారాన్నీ నింపి పంపుతుంది, డేటాబేస్‌లో చెత్త చేరుస్తుంది, నిజమైన వాడుకరులకు ఈమెయిళ్లు కూడా వెళ్లేలా చేయగలదు. కనుక దాన్ని పరీక్ష కోసం చేసిన నకలు మీదే నడపండి. ఒకరి ఆర్డర్ వివరాలు మరొకరికి కనిపించే లోపాన్ని స్కానర్లు తరచూ పట్టుకోలేవు. రెండు ఖాతాలు తెరిచి, మొదటి దానిలోని ఆర్డర్ సంఖ్యను రెండో దాని నుంచి చేతితో అడిగి చూడాలి. నా దృష్టిలో ఈ పది నిమిషాల పని చాలా స్కాన్‌ల కంటే విలువైనది.

తెలిసిన లోపాలతో సిస్టమ్‌లోకి చొరబడి చూపే మెటాస్ప్లాయిట్ అనే సాధనాన్ని చివరనే తీయండి. లోపాన్ని నిజంగా దాడికి వాడుకోవచ్చని నిరూపించడానికి మాత్రమే అది కావాలి. దానిలోని చాలా మాడ్యూళ్లలో (ఒక్కో పనికి వాడే కోడ్ భాగాల్లో) ఉండే చెక్ ఆదేశంతో ముందు పరీక్షించి, లోపలికి వెళ్లగలిగితే యంత్రం పేరు చదివి అక్కడే ఆగండి. సేవను స్తంభింపజేసే మాడ్యూళ్ల జోలికి వెళ్లకండి.

నివేదికలో ప్రతి లోపానికీ సమయం, తిరిగి చేసి చూసే విధానం, ఆధారం, సరిదిద్దే మార్గం రాయండి. దొరికిన పాస్‌వర్డ్‌లను పూర్తిగా చూపకండి. లోపం తీవ్రతను చెప్పే సీవీఎస్‌ఎస్ స్కోరు 0 నుంచి 10 వరకు ఉంటుంది కానీ, బయటి నుంచి అందని యంత్రంలోని 9 కంటే చెల్లింపుల పేజీలోని 6 ముందుగా సరిచేయవలసినది కావచ్చు. ఆ నిర్ణయాన్ని కారణంతో సహా రాయండి. పరీక్ష కోసం తెరిచిన ఖాతాలను, వదిలిన ఫైళ్లను తొలగించండి. మరమ్మతులు పూర్తయ్యాక అన్ని పోర్టుల స్కాన్‌కు వాడిన ఆదేశంతోనే ఎన్‌మ్యాప్‌ను మళ్లీ నడిపి, దానితో పాటు వచ్చే ఎన్‌డిఫ్‌తో పాత, కొత్త ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లను పోల్చండి. మూసుకున్న పోర్టులతో పాటు, మరమ్మతు సమయంలో ఎవరో తెరిచి మరచిన కొత్త పోర్టు ఉంటే అదీ అక్కడ కనిపిస్తుంది.