పని రోజుల్లో బండి షికారు: నాలుగో పాఠం, తిరుగు వేళ

మూడో పాఠం చదివి బండి తీసినవాళ్లు నాకు గట్టిగానే అక్షింతలు వేశారు. ముప్పావు గంటలో అయిపోతుందన్న షికారుకు గంటంబావు పట్టిందని ఒకరు. ఆఫీసుకు పని మీద వచ్చిన పార్టీ తన కోసం కాళ్లూపుకుంటూ కూర్చుందని ఇంకొకరు. అనపర్తి నుంచి ఒకావిడ రెండే వాక్యాలు రాశారు: "వెళ్లేటప్పుడు హాయిగా ఉంది. వచ్చేసరికి చీకటి పడి, మా అత్తగారు వీధి గుమ్మంలో నిలబడి ఉన్నారు."

తప్పు నాదే. ఉన్న సమయాన్ని మధ్యకు విరిచి, సగం వెళ్లడానికి, సగం రావడానికి అన్నాను. లెక్కలు రాసి బతికేవాణ్ని, అంత తప్పు లెక్క ఎలా చెప్పానో! ఆ దారులు నాకు అలవాటు. తిరిగి వచ్చేటప్పుడు రద్దీ తప్పించుకోవడానికి ఏ సందులో దూరాలో నా చేతులకే తెలుసు, అందుకే చెప్పాలని తోచలేదు. కాలువ రోడ్ల మీద ఆరబోసిన ధాన్యం గురించి రాయాల్సిన పాఠాన్ని పక్కన పెట్టి, ముందు ఈ సంగతి తేలుస్తున్నాను.

రాజమండ్రినే తీసుకుందాం. సాయంత్రం 4.50కి బయలుదేరి, గోదావరి గట్టున ధవళేశ్వరం చేరి, అక్కణ్నుంచి కాలువ వెంట కడియం వైపు వెళుతున్నారనుకోండి. వెళ్లేటప్పుడు ఊరు వదిలి పోతున్నారు, రోడ్డు పోనుపోను ఖాళీ అవుతుంది. వచ్చేటప్పుడు ఊళ్లోకి దూరుతున్నారు, అదీ ఆఫీసులు జనాన్ని వీధుల్లోకి వదిలే వేళకు. కడియం నుంచి పడమటికి తిరగగానే వాలిన ఎండ కళ్లలో పొడుస్తుంది. పొద్దు గూకాక పచ్చదీపపు పురుగులు. వరి పొలాల్లోంచి లేచి, లైటు కనిపిస్తే చాలు ముసురుకుంటాయి. హెల్మెట్ అద్దం ఎత్తి నడిపే అలవాటున్నవాళ్లకు ఒక్క పురుగు చాలు, ఆ రోజుకు షికారు ముగిసినట్టే.

కాబట్టి సగం సగం కాదు. వెళ్లడం నాలుగు పాళ్లు, రావడం అయిదు పాళ్లు. బండి మీద 45 నిమిషాలు ఉండగలిగితే వెళ్లడానికి 20, రావడానికి 25. ఉదయం పూటైతే తేడా ఇంకా ఎక్కువ. ఆరింటికి ఖాళీగా ఉన్న రోడ్డు ఏడింటికల్లా బడి వ్యాన్లతో నిండిపోతుంది. అప్పుడు రెండు పాళ్లు, మూడు పాళ్లు. మధ్యాహ్నం భోజనం మానేసి వెళతామన్నవాళ్లకు నా దగ్గర పాఠం లేదు.

లెక్క ఎప్పుడూ చివరి నుంచి మొదలుపెట్టాలి. నా సంగతే చెబుతాను. అక్టోబరు 31 ఆదాయపు పన్ను ఆడిట్ రిటర్నుల గడువు. ఆ నెలలో సాయంత్రం టీ మానేస్తే నాకు గంటా అయిదు నిమిషాలు మిగులుతుంది. 5.45కి మళ్లీ కుర్చీలో ఉండాలి. బండి నిలిపి, మొహం కడుక్కుని, మంచినీళ్లు తాగి, "ఎక్కడికి వెళ్లారండీ" అన్నవాళ్లకు ఏదో ఒకటి చెప్పడానికి పది నిమిషాలు. అంటే 5.35కి బండి ఆగాలి. అందులో 25 తీసేస్తే 5.10. అదే తిరుగు వేళ, అంటే బండి వెనక్కి తిప్పాల్సిన వేళ. మరో 20 తీసేస్తే 4.50. కుర్చీలోంచి లేచింది మొదలు బండి గేరులో పడేదాకా ఇంకో పది. 4.40కి లేవాలి. 45 నిమిషాల షికారుకు 65 నిమిషాల ఖర్చు. ఆ ఇరవై నిమిషాలనే ఎవరూ పద్దులో రాయరు. నేను హెల్మెట్‌ను బల్ల కింద బోర్లా పెట్టకుండా వెల్లకిలా పెట్టి, అందులో తాళం, చేతి తొడుగులు వేసి ఉంచుతాను. అయినా పది పడుతుంది.

వెలుగు కూడా చూసుకోండి. రాజమండ్రిలో సెప్టెంబరు చివర పొద్దు గూకేది దాదాపు 5.53కి. అక్టోబరు చివరికి 5.32. నవంబరు మధ్యకు 5.28. వెలుగు దాదాపుగా ఆశ్వయుజంలోనే తరిగిపోతుంది, కార్తీకంలో పెద్ద మార్పు ఉండదు. హైదరాబాదు మాకు పడమరన ఉంది కాబట్టి వాళ్లకు పదమూడు నిమిషాలు అదనం. శ్రీకాకుళం వాళ్లకు ఎనిమిది తొమ్మిది తక్కువ. డాలస్ నుంచి రాసినాయనకు ఒక మాట: నవంబరు మొదటి ఆదివారం మీ గడియారాలు గంట వెనక్కి వెళతాయి. శుక్రవారం సరిపోయిన తిరుగు వేళ సోమవారం మిమ్మల్ని చీకట్లో దింపుతుంది.

ఇప్పుడు నాకు ఒళ్లు మండే విషయం. పనిలో పని.

రాసినవాళ్లలో సగం మందికి ఆలస్యం అయింది రద్దీ వల్ల కాదు, సంచి వల్ల. ఎలాగూ కడియం వైపే కదా, రెండు చామంతి మొక్కలు తెండి. ఎలాగూ ధవళేశ్వరం మీదుగానే కదా, మా అన్నయ్యగారింట్లో ఈ గిన్నె ఇచ్చి రండి. ఎలాగూ బయటికి వెళుతున్నారు కదా, కొత్తిమీర. ఒకాయన బంతి కుండీని పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకుని, మోకాళ్లతో నొక్కిపట్టి, వేగం ఇరవై దాటకుండా ఇల్లు చేరాడట. దాన్ని షికారు అంటారా?

పోయేది రెండు నిమిషాలే అనుకుంటారు. పని ఒప్పుకున్న క్షణంలోనే మీరు ఎప్పుడు వెనక్కి తిరగాలన్నది గడియారం చేతిలోంచి జారిపోయి చోటు చేతిలో పడుతుంది. 5.10 అయింది, నర్సరీ ఇంకా రాలేదు. తిరుగుతారా? తిరగరు. "ఇంత దూరం వచ్చి" అనుకుంటారు. కడియం నర్సరీలో అనుకున్న మొక్క ఒక్కటే కొని బయటపడ్డ మనిషిని నేనింతవరకు చూడలేదు. అన్నయ్యగారింట్లో గిన్నె ఇచ్చి గుమ్మంలోంచే తిరిగి రావడం మన ఇళ్లల్లో కుదిరే పనేనా? కాఫీ ఇస్తారు. తాగకపోతే తప్పు, తాగితే ఇరవై నిమిషాలు. కొత్తిమీరే కదా అంటారా, బండి ఆపాలి, హెల్మెట్ తీయాలి, చిల్లర వెతకాలి, కట్ట ఎగిరిపోకుండా చొక్కాలో దోపుకోవాలి. అడిగినవాళ్లను అనను. ఒప్పుకున్నవాళ్లను అంటాను. నా బండికి సంచి తగిలించే కొక్కెం ఉండేది, విప్పేశాను. ఇంట్లో ఒకరోజు మాట పడ్డాను, అంతే. కొత్తిమీరకు నడిచి వెళతాను.

చూడాలనుకున్న చోటు కూడా పనిలాంటిదే. బ్యారేజీ అదిగో కనిపిస్తోంది, ఒక్కసారి దానిదాకా వెళ్లి వద్దామనిపిస్తుంది. ధవళేశ్వరంలో గోదావరికి అడ్డుకట్ట 1852 నుంచి ఉంది. రేపూ ఉంటుంది.

గడియారం ఎడమ చేతికి, చొక్కా పైనుంచి కట్టుకోండి. జేబులో ఫోను మోగినా హెల్మెట్‌లోకి వినపడదు. గాలి, బ్రేకులు, హెల్మెట్ బకిలీ గురించి ఇక్కడ రాయను, అవి తెలియనివాళ్లు ఈ పాఠాలు మొదలుపెట్టకూడదు.

అభ్యాసం: అయిదు రోజులు బండి కదపకండి. రోజూ తిరుగు వేళ లెక్క వేసి, కుర్చీలోంచి లేచి, తొడుక్కోవాల్సినవన్నీ తొడుక్కుని, బండెక్కి కూర్చుని, ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకుని, దిగి వచ్చి పని చూసుకోండి. చుట్టుపక్కలవాళ్లు నవ్వుతారు. ఆరో రోజు వెళ్లండి. వేళ కాగానే, ఎక్కడున్నా సరే, రోడ్డు వెడల్పు చూసుకుని వెనక్కి తిప్పండి. ఎదురుగా ఏది ఊరిస్తుండగా తిరిగారో నాకు రాయండి. లెక్క కాగితం మీదే వేయండి, ఫోనులో వద్దు. ఫోను తీస్తే ఎవరో ఒకరు కొత్తిమీర అడుగుతారు.