ఒక్క ఫోనుతో తరగతి గదిలో ఆగ్మెంటెడ్ రియాలిటీ పాఠం చెప్పడం ఎలా?

గణిత పుస్తకంలో శంకువు బొమ్మను ఒకసారి చూడండి. అడుగున అండాకారపు గీత, దాని రెండు అంచుల నుంచి పైకి వెళ్లి కలిసే రెండు గీతలు, మధ్యలో నిలువుగా ఒక చుక్కల గీత. ఆ అండాకారం నిజానికి వృత్తమనీ, చుక్కల గీత శంకువు కడుపులో నిలబడి ఉందనీ, పక్క గీత దాని ఒంటి మీద ఉందనీ పిల్లలు ఊహించుకోవాలి. శ్రీకాకుళం జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతున్న నాకు పరీక్ష పేపర్లలో ఏటా ఎదురయ్యే తప్పు ఒకటుంది: ఎత్తు (చుక్కల గీత) వేయవలసిన చోట ఏటవాలు ఎత్తు (పక్క గీత) వేసి ఘనపరిమాణం కట్టేస్తారు. సూత్రం తప్పులేకుండా రాసిన పిల్లలే ఈ తప్పు చేస్తారు. ఆగ్మెంటెడ్ రియాలిటీ పనికివచ్చేది ఇటువంటి చోటే. కెమెరాలో కనిపిస్తున్న గది నేల మీద, అక్కడ లేని వస్తువును ఉన్నట్టే నిలబెట్టి, దాని చుట్టూ తిరిగి చూసే వీలు కల్పించే పద్ధతి అది. దీనిని క్లుప్తంగా ఏఆర్ అంటున్నారు.

మొదట చేయవలసిన పని పాఠాన్ని ఎంచుకోవడం. యాప్ ఎలాగూ ఉంది కదా అని దానికి తగిన పాఠం కోసం వెతికితే పీరియడ్ వృథా అవుతుంది. కాగితం మీద లోతు తెలియనివి, చేతితో పట్టుకోలేనంత పెద్దవి, కంటికి ఆననంత చిన్నవి మాత్రమే తీసుకోండి: ఘనాకృతులు, గుండె గదులు, అణువుల నిర్మాణం, ఆకాశం. ఊరిలోనే దొరికేదానికి ఫోను అక్కర్లేదు. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి పెలికాన్లు ఏటా వలస వచ్చి గూళ్లు కట్టుకుంటుంటే, ఆ పక్షిని తెర మీద చూపించడం కన్నా పిల్లలను అక్కడికి తీసుకువెళ్లడమే మంచిదని నా అభిప్రాయం.

తరువాత ఫోనును పరీక్షించుకోవాలి. అన్ని ఆండ్రాయిడ్ ఫోన్లూ ఈ పనికి రావు. ఫోను ఒక పక్క కెమెరాలో కనిపించే మచ్చలను, అంచులను గుర్తుపెట్టుకుంటూ, మరో పక్క తన కదలికను గైరోస్కోప్, యాక్సిలరోమీటర్ అనే సెన్సార్లతో కొలుచుకుంటూ, ఆ రెండు లెక్కలనూ కలిపి నేల ఎక్కడుందో తేల్చుకుంటుంది. తక్కువ ధర ఫోన్లు కొన్నింటిలో గైరోస్కోప్ ఉండదు. ప్లే స్టోర్‌లో ‘గూగుల్ ప్లే సర్వీసెస్ ఫర్ ఏఆర్’ అని వెతికితే, మీ ఫోను పనికిరానిదైతే అక్కడే తెలిసిపోతుంది. అలా అయినా నిరాశపడనక్కర్లేదు. నేను చెప్పబోయే జియోజీబ్రా త్రీడీ కాలిక్యులేటర్ అనే ఉచిత యాప్ ఆ ఫోనులోనూ బొమ్మను వేలితో తిప్పి చూపిస్తుంది. నేల మీద నిలబెట్టడం ఒక్కటే కుదరదు.

పాఠానికి ముందు రోజు రాత్రి ఇంటి దగ్గరే బొమ్మను సిద్ధం చేసుకోండి. యాప్‌ను, దానికి కావలసినవన్నీ అప్పుడే డౌన్‌లోడ్ చేసుకోవాలి. కొండ పక్క ఊళ్లలో సిగ్నల్ మీద ఆశ పెట్టుకుని తరగతికి వెళ్లకూడదు. యాప్‌లో మూలబిందువు దగ్గర ఒక బిందువును, నిలువు అక్షం మీద 4 దగ్గర మరో బిందువును పెట్టి, శంకువు పరికరాన్ని ఎంచుకుని, ఆ రెండింటినీ తాకి వ్యాసార్థం 3 ఇవ్వండి. ఇప్పుడు కేంద్రం నుంచి శీర్షానికి ఒక రేఖాఖండం, శీర్షం నుంచి అడుగు వృత్తం అంచుకు మరొకటి గీసి, మొదటిదానికి ఎరుపు, రెండోదానికి నీలం రంగు వేయండి. శంకువు పొర పలుచగా, లోపలిది కనిపించేటట్లు ఉంటుంది కాబట్టి ఎర్ర గీత దాని కడుపులో నిలబడి ఉండడం స్పష్టంగా తెలుస్తుంది. ఇది కొత్తవారికి అరగంట పని.

గదిని సిద్ధం చేయడం చాలామంది పట్టించుకోని విషయం. ఏఆర్ పాఠాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఫోను మచ్చలను, అంచులను చూసి నేలను గుర్తిస్తుందని చెప్పాను కదా, నున్నటి తెల్ల టైల్సు పరచిన గదిలో దానికి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. మొదటి సంవత్సరం మా కొత్త గదిలో ఇదే జరిగింది. నలభై మంది పిల్లలు ఎదురుచూస్తుండగా శంకువు కాసేపు గాలిలో తేలి, కాసేపు గోడలోకి దూరి, చివరికి మాయమైపోయింది. మరునాడు అటెండరు తెచ్చిన గళ్ల దుప్పటిని నేల మీద పరిచేసరికి రెండు క్షణాల్లో కుదురుగా నిలబడింది. దుప్పటి లేకపోతే పాత దినపత్రికలు పరచినా సరిపోతుంది. కిటికీలన్నీ తెరిచి వెలుతురు రానివ్వండి. వానాకాలం మబ్బు పట్టిన మధ్యాహ్నం, కరెంటు లేనప్పుడు ఈ పాఠం పెట్టుకోకపోవడమే మంచిది. బల్లలను గోడ వారకు జరిపి, చెప్పులు, సంచులు అడ్డం లేకుండా చూడండి. తెర చూస్తూ నడిచే పిల్లలకు కాళ్ల కింద ఏముందో తెలియదు.

పీరియడ్ మొదలుకాగానే ఫోను తీయకండి. ముందు కాగితం, కత్తెర పని. పిల్లలందరిచేత 10 సెంటీమీటర్ల వ్యాసార్థంతో ఒక వృత్తాన్ని కత్తిరింపజేసి, కోణమానినితో 144 డిగ్రీల ముక్కను కొలిచి తీసేయించాలి. మిగిలిన 216 డిగ్రీల సెక్టారును రెండు అంచులు కలిసేటట్లు చుట్టి అతికిస్తే శంకువు తయారవుతుంది. ఆ శంకువు అడుగు వ్యాసార్థం 6 సెంటీమీటర్లు, ఎత్తు 8, ఏటవాలు ఎత్తు 10. ఇవి ముందే చెప్పవద్దు, కొలవమనండి. అడుగు వ్యాసార్థం సరిగానే కొలుస్తారు. ఎత్తు దగ్గరకు వచ్చేసరికి దాదాపు ప్రతి చేయీ స్కేలును శంకువు ఒంటికి ఆనించి పెట్టి, పది అంటుంది. నిరుడు నేను అలా కొలుస్తున్న ఒక అమ్మాయినే పిలిచి ఫోను చేతికిచ్చాను. ఆమె తెరపై ఏఆర్ బటన్ నొక్కి, ఫోనును నెమ్మదిగా పక్కకు జరుపుతూ దుప్పటిని చూపించి, శంకువు నిలబడ్డాక దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. నీలం గీత ఒక్కోసారి ముందుకు, ఒక్కోసారి వెనక్కు వస్తోంది, ఎర్ర గీత మాత్రం ఎటు నుంచి చూసినా నడుమనే నిలువుగా ఉంది. సగం తిరిగేసరికి ఆగిపోయి, “మాస్టారూ, ఎత్తు లోపలుంది కదండీ, మరి బయట కొలిస్తే ఎలా వస్తుందండీ?” అని అడిగింది. నేను చెప్పవలసిన పాఠం ఆ ప్రశ్నలోనే ఉంది. మిగిలిన పిల్లలు కాగితపు శంకువును బల్ల మీద నిలబెట్టి, పక్కన స్కేలును నిటారుగా పెట్టి, శీర్షం ఎంత ఎత్తులో ఉందో చూసుకున్నారు. అప్పుడు వచ్చింది ఎనిమిది.

తెర మీదిది 3, 4, 5. చేతిలోది 6, 8, 10. రెండూ ఒకే ఆకారమని వారే గుర్తుపట్టేదాకా ఆగితే, సరూప త్రిభుజాల పాఠానికి కూడా అక్కడే దారి పడుతుంది.

పాఠశాలలో ఐఎఫ్‌పీ ప్యానెల్ (వేలితో తాకి నడిపే పెద్ద డిజిటల్ తెర) ఉంటే ఫోను తెరను దానికి కలిపి అందరికీ ఒకేసారి చూపించవచ్చు. అయినా ఆరేసి మంది చొప్పున జట్లు చేసి ఫోను వారి చేతికే ఇవ్వడం నాకు ఇష్టం. చుట్టూ తిరిగినవారికే ఆ లోతు తెలుస్తుంది, కూర్చుని చూసినవారికి అది మరో వీడియోగా మిగిలిపోతుంది. ఒకరు ఫోను పట్టుకోవాలి, ఒకరు దారి చూడాలి, మిగిలినవారు నోటు పుస్తకంలో పక్క నుంచి, పై నుంచి, ఏటవాలుగా మూడు బొమ్మలు గీయాలి. జట్టుకు ఐదు నిమిషాలు చాలు. అంతకు మించితే ఎండాకాలంలో ఫోను వేడెక్కి కెమెరా ఆగిపోతుంది, చార్జింగూ దిగిపోతుంది. పాఠం మొదలుపెట్టే ముందు ఫోనును ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంచండి, లేకపోతే మీ సొంత సందేశాలు పిల్లల కళ్లబడతాయి. ప్యానెల్‌కు వైఫై ద్వారా కలుపుతున్నట్లయితే నోటిఫికేషన్లు మాత్రం ఆపేయండి. పిల్లల ముఖాలు పడేటట్లు ఫొటోలు, వీడియోలు తీయవద్దు.

ఆ రోజు ఇంటిపనిగా కళ్లంలో ధాన్యపు రాశిని ఇవ్వండి. రాశి లోపల ఎత్తును ఎవరూ కొలవలేరు. తాడుతో చుట్టుకొలత, అంచు నుంచి శిఖరం దాకా ఏటవాలు మాత్రమే దొరుకుతాయి. వాటి నుంచి ఎత్తును, ఎత్తు నుంచి ఘనపరిమాణాన్ని లెక్కకట్టమనాలి. నూర్పుల రోజులు కాకపోతే రోడ్డు పక్క ఇసుక కుప్ప అయినా సరే.

జియోజీబ్రా అలవాటయ్యాక ఆకాశం వైపు వెళ్లవచ్చు. స్కై మ్యాప్ అనే ఉచిత యాప్ ఫోనులోని దిక్సూచిని, కదలికల సెన్సార్లను ఆధారం చేసుకుని, మీరు ఎటు తిప్పితే అటు ఉన్న నక్షత్రాలను, గ్రహాలను చూపిస్తుంది. అందులో తేదీని మార్చుకునే సదుపాయం కూడా ఉంది. అరసవల్లిలో సూర్యకిరణాలు ఏటా రెండుసార్లు, మార్చి రెండో వారం సమీపంలోనూ అక్టోబరు మొదటి రోజుల్లోనూ మూలవిరాట్టును తాకుతాయని మన పిల్లలందరికీ తెలుసు. రెండుసార్లే ఎందుకని అడిగి, మార్చి 10, అక్టోబరు 2 తేదీల ఉదయాలను ఒకదాని తరువాత ఒకటి పెట్టి చూపించండి. ఉత్తరాయణంలో ఉత్తరానికి, దక్షిణాయనంలో దక్షిణానికి జరిగే సూర్యోదయ స్థానం, వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి ఇంచుమించు ఒకే చోటును దాటుతుంది. గడియారంలో సూర్యోదయం మాత్రం అక్టోబరులో సుమారు 20 నిమిషాలు ముందే అవుతుంది, కాబట్టి పోల్చవలసింది సమయాన్ని కాదు, దిక్కును. ఇనుప బల్లలు, కిటికీ ఊచల దగ్గర దిక్సూచి దారి తప్పుతుంది. ఆరుబయటకు వచ్చి, ఫోనును ఇంగ్లిషు ఎనిమిది అంకె ఆకారంలో నాలుగైదుసార్లు తిప్పాకే వాడండి. సూర్యుడి వైపు కళ్లెత్తి నేరుగా చూడవద్దని ముందే గట్టిగా చెప్పాలి.

ఆపైన ఫోనును పక్కన పెట్టి, ప్రతి సోమవారం తమ ఇంటి అరుగు మీద నుంచి సూర్యుడు ఏ తాటిచెట్టుకు ఎంత దూరంలో ఉదయిస్తున్నాడో గీసి తెమ్మనండి. సంక్రాంతి నుంచి మొదలుపెడితే మార్చి 10 నాటికి సుమారు ఎనిమిది బొమ్మలు వస్తాయి.